డాలరు తొంభై దాటితే దేవరకొండ పత్తికి ఎంత?

2025 డిసెంబర్ మొదటి వారంలో డాలరు 90 రూపాయలు దాటింది. ఆ వారమంతా రెండు మాటలు గట్టిగా వినిపించాయి. ఒకటి, దేశం పరువు పోయిందని. రెండోది, ఇక ఎగుమతులకు తిరుగులేదని, పత్తి రైతుకు మంచి రోజులొచ్చాయని. మొదటి మాటకు జవాబు తొందరగానే చెప్పొచ్చు. రెండోదాన్ని మాత్రం కాగితం మీద లెక్క వేసి చూడాలి. ఎందుకంటే అది పూర్తిగా తప్పు మాట కాదు. సొంత నాణెం విలువ తగ్గితే ఎగుమతిదారుకు లాభమని డిగ్రీ మొదటి ఏడాది అర్థశాస్త్రం పుస్తకంలోనే ఉంటుంది. ఆ లాభం ఎంత, ఎవరి చేతికి, ఎప్పుడు అందుతుందన్నది మాత్రం పుస్తకం చెప్పదు.

నా వాదన ఇది. నల్లగొండ, పాలమూరు రైతుకు దక్కే ధరను డాలరు రేటు కదిలించేది కొంతే. పంట చేను మీద ఉండగా ఢిల్లీలో మారిపోయే దిగుమతి సుంకాలు, ఎగుమతి నిషేధాలు అంతకంటే ఎక్కువ కదిలిస్తాయి. రూపాయి గురించి మనం పడే ఆందోళనలో సగమైనా ఆ నోటిఫికేషన్ల తేదీల మీద పెట్టాలి.

అంకె వేరు, విలువ వేరు

నిజాం కాలంలో మన దగ్గర నడిచింది హాలి సిక్కా. కోదాడ దాటి జగ్గయ్యపేట చేరితే బ్రిటిష్ రూపాయి, జనం కల్దార్ అనేవారు. ఆరు కల్దార్లకు ఏడు హాలి రూపాయలు. సరిహద్దులో సుంకం వసూలుకు కరోడ్‌గిరి నాకాలు. అంటే అంతర్జాతీయ వ్యాపారానికి కావలసినవన్నీ, రెండు నాణేలు, ఒక మారకపు రేటు, ఒక సుంకం, సూర్యాపేట వ్యాపారికి రోజూ అనుభవంలో ఉన్నవే. హాలి రూపాయి కల్దార్ కంటే ఏడో వంతు తక్కువ. అంతమాత్రాన సూర్యాపేట కూలీ జగ్గయ్యపేట కూలీ కంటే ఏడో వంతు పేదవాడు కాలేదు. అతని కూలీ హాలిలోనే, అతను కొనే జొన్నలూ హాలిలోనే.

ఇప్పుడూ అంతే. డాలరుకు 150 యెన్లు ఇచ్చుకునే జపాన్ బీద దేశం కాదు. ఒక్క కువైట్ దినార్‌కు మూడు డాలర్లకు పైగా వస్తాయి, అలాగని కువైట్ అమెరికాను మించిపోలేదు. 1947లో డాలరు, రూపాయి సమానమన్న ప్రచారం కూడా నిజం కాదు. అప్పుడు పౌండుకు 13 రూపాయల చిల్లర, పౌండుకు 4.03 డాలర్లు. ఆ లెక్కన డాలరు సుమారు 3.30 రూపాయలు. 1949లో 4.76 అయింది, 1966 జూన్ 6న 7.50కి తగ్గించారు.

చూడాల్సింది అంకెను కాదు, అది ఎంత వేగంగా కదులుతోంది, ధరలతో పోలిస్తే ఎంత కదులుతోంది అన్నది. 2015 చివర డాలరు సుమారు 66, పదేళ్లకు 90. ఏడాదికి మూడు శాతం పైచిలుకు. మన దగ్గర ధరలు అమెరికాలో కంటే వేగంగా పెరుగుతూ వచ్చాయి కాబట్టి ఇందులో పెద్ద భాగం ఆ తేడాయే. పరువుకూ దీనికీ సంబంధం లేదు.

ఒక క్వింటా పత్తిని విప్పి చూస్తే

చండూరులోనో దేవరకొండలోనో జిన్నింగు మిల్లుకు వెళ్లిన క్వింటా పత్తిలో సుమారు 34 కిలోల దూది, 63 కిలోల గింజ వస్తాయి. మిగతాది తరుగు. దూది ధర న్యూయార్క్‌లో పౌండు బరువుకు ఇన్ని సెంట్లని పలుకుతుంది. గింజ ధర మాత్రం ఇక్కడి నూనె మిల్లులు, పశువుల దాణా గిరాకీ మీద ఆధారపడి ఉంటుంది. క్వింటాలో మూడింట రెండు వంతుల బరువున్న గింజకు డాలరుతో నేరుగా సంబంధం లేదన్న సంగతి చాలా చర్చల్లో జారిపోతుంది.

న్యూయార్క్ ధర పౌండుకు 65 సెంట్లు అనుకుందాం, 2025లో ఎక్కువ కాలం ఆ దరిదాపుల్లోనే ఉంది. కిలోకు 2.2046 పౌండ్లు, కాబట్టి కిలో దూది 1.43 డాలర్లు. 34 కిలోలకు 48.7 డాలర్లు. డాలరు 85 దగ్గర ఉంటే 4,140 రూపాయలు, 90 దగ్గర ఉంటే 4,385. తేడా సుమారు 244 రూపాయలు. గింజ క్వింటా 3,500 అనుకుంటే 63 కిలోలకు 2,205. రెండూ కలిపితే 90 రూపాయల డాలరు దగ్గర కూడా 6,600 లోపే. జిన్నింగు ఖర్చు, హమాలీ, లారీ కిరాయి, వ్యాపారి లాభం అన్నీ అందులోంచే పోవాలి.

2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. ప్రపంచ ధరకూ దీనికీ మధ్య పదిహేను వందలకు పైగా ఖాళీ ఉంది. మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐకి (భారత పత్తి సంస్థకు) అమ్మిన రైతుకు డాలరు 85 అయినా 90 అయినా అందేది 8,110యే. రూపాయి పతనంతో అతనికి పైసా కలవలేదు. ఆ 244 రూపాయలు సీసీఐ నష్టాన్ని తగ్గిస్తాయి, అంతే. పుస్తకంలో చెప్పిన లాభం ఉంది, కానీ చేరింది ఖజానాకు.

సీసీఐ కేంద్రంలో రైతును నిజంగా కదిలించేది తేమ యంత్రం. 8 శాతం తేమ ఉంటే పూర్తి ధర. ఆపైన 12 వరకు ప్రతి శాతానికి ధరలో ఒక శాతం కోత, అంటే 81 రూపాయల 10 పైసలు. 12 దాటితే కొనరు. 11 శాతం తేమతో తెచ్చిన రైతు క్వింటాకు 243 రూపాయలు పోగొట్టుకుంటాడు. డాలరు ఐదు రూపాయలు పెరిగితే వచ్చేదీ దాదాపు అంతే. అక్టోబరు చివరి వానల్లో తడిసిన మొదటి ఏరుడు పత్తిని రెండు ఎండల్లో ఆరబెట్టడానికి టార్పాలిన్, గచ్చు ఉన్నాయా లేవా అన్నది మునుగోడు రైతుకు రిజర్వు బ్యాంకు కంటే పెద్ద విషయం.

సీసీఐకి అమ్మలేని వాళ్లకు మాత్రం ప్రపంచ ధర నేరుగా తగులుతుంది. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

అవతలి పేజీలో ఖర్చు

రూపాయి పడినప్పుడు కొనేవాటి ధర కూడా పెరుగుతుంది. ఇందులోనూ అన్నీ ఒకేలా పెరగవు. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, డీఏపీ 50 కిలోల బస్తా 1,350. ఈ రెండింటిలో పెరిగిన భారం సబ్సిడీ మీద పడుతుంది, రైతుకు వెంటనే కనిపించదు. పొటాష్ మొత్తం బయటి నుంచే వస్తుంది, దాని ధరకూ కాంప్లెక్స్ ఎరువుల ధరలకూ అంత కట్టు లేదు కాబట్టి అవి పెరుగుతాయి. డీజిలు సంగతి చూడండి. బ్యారెల్ అంటే 159 లీటర్లు. ముడి చమురు 65 డాలర్లుంటే, డాలరు ఐదు రూపాయలు పెరగడం అంటే లీటరుకు రెండు రూపాయలు. కానీ బంకులో ధర 2022 మే నుంచి 2025 చివరి దాకా దాదాపు కదల్లేదు, 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించడం తప్ప. మధ్యలో చమురు కంపెనీలు, పన్నులు ఆ కుదుపును మింగాయి.

నేరుగా ఇంటికొచ్చేది వంటనూనె. మనం వాడే నూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ టన్ను 1,100 డాలర్లుంటే, ఐదు రూపాయల పతనంతో కిలోకు ఐదున్నర రూపాయలు. నెలకు నాలుగు లీటరు ప్యాకెట్లు వాడే ఇంటికి ఏడాదికి 240 రూపాయలు. అంటే ఒక క్వింటా పత్తి మీద రావాల్సిన మారకపు లాభం వంటగదిలోనే సరిపోయింది.

డాలరు రేటు పూర్తిగా, మధ్యవర్తి లేకుండా తగిలే ఇళ్లు వేరే ఉన్నాయి. నల్లగొండ నుంచి అమెరికాలో మాస్టర్స్‌కు వెళ్లే పిల్లలు వందల్లో ఉంటారు. 20,000 డాలర్ల ఫీజు 85 దగ్గర 17 లక్షలు, 90 దగ్గర 18 లక్షలు. ఇంటి కాగితాలు పెట్టి తెచ్చిన అప్పు రూపాయల్లో మంజూరై ఉంటుంది, ఆ లక్ష మళ్లీ వెతుక్కోవాలి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీలకు లాభమే, అయితే అదీ పూర్తిగా కాదు. వంద డాలర్ల మందు అమ్మడానికి నలభై డాలర్ల ముడిసరుకు చైనా నుంచి తెచ్చుకునే కంపెనీకి ఐదు రూపాయల పతనంతో మిగిలేది ఐదు వందలు కాదు, మూడు వందలు. ఆ మూడు వందల్లోనూ వాటా కావాలని విదేశీ కొనుగోలుదారు తర్వాతి ఆర్డరు బేరంలోనే అడుగుతాడు. మీ రూపాయి పడింది కదా, రేటు తగ్గించండి అన్న మాట నూలు ఎగుమతిదారులకూ కొత్త కాదు.

నోటిఫికేషన్ బరువు

ఇప్పుడు రెండో లెక్క. పత్తి దిగుమతి మీద 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో 11 శాతం సుంకం పెట్టారు. 2025 ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 30 వరకు దాన్ని ఎత్తేశారు. ఆగస్టు నెలాఖరు రాకముందే గడువును డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మన ఎగుమతుల మీద అమెరికా సుంకం ఆగస్టు 27 నుంచి 50 శాతానికి చేరిన రోజులవి.

పైన వేసిన 48.7 డాలర్ల మీద 11 శాతం అంటే 5.36 డాలర్లు. 90 చొప్పున 482 రూపాయలు. రూపాయి ఎనిమిది నెలల పాటు మెల్లగా జారి క్వింటాకు 244 కలిపితే, ఒక్క కాగితం దానికి రెట్టింపు తీసేయగలదు.

ఈ 482 మీద నాకే ఒక సందేహం ఉంది. సుంకం తీసేస్తే స్థానిక ధర అంత మేరకూ పడుతుందా? బయటి దూది మన దూదితో నిజంగా పోటీ పడే ధరకు దిగినప్పుడే అలా జరుగుతుంది. నాణ్యతలో తేడా, ఓడ కిరాయి, సరుకు చేరడానికి పట్టే వారాలు అడ్డొస్తాయి. ఆగస్టులో సుంకం ఎత్తేసిన ఒకటి రెండు రోజుల్లో సీసీఐ తన పాత బేళ్ల అమ్మకం ధరను ఖండికి 1,100 రూపాయల దాకా తగ్గించింది. ఖండి అంటే 356 కిలోల దూది. క్వింటా పత్తికి మార్చుకుంటే సుమారు 105 రూపాయలు. కాబట్టి 482 అన్నది పై హద్దు. అయితే 244 కూడా పై హద్దే, న్యూయార్క్ ధర స్థిరంగా ఉండి మొత్తం లాభం కిందికి దిగితేనే అంత వస్తుంది. రెండు హద్దులనూ పక్కపక్కన పెట్టినప్పుడు సుంకం వైపే బరువు ఎక్కువ. పైగా వేగం వేరు. రూపాయికి నెలలు పట్టింది, కాగితానికి రెండు రోజులు.

బియ్యంలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించారు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేశారు. మిర్యాలగూడ మిల్లుల్లో చాలావాటికి బాయిలర్లున్నాయి, ఉప్పుడు బియ్యమే వాటి వ్యాపారం. ఇవన్నీ 2024 సెప్టెంబర్, అక్టోబర్‌లో గానీ పూర్తిగా తొలగలేదు. ఆ పదిహేను నెలల్లో డాలరు 82కూ 84కూ మధ్యే ఉంది. రూపాయి అంత నిలకడగా ఉన్న కాలం అరుదు. అంటే ఎగుమతిలో ఆ కాలంలో వచ్చిన మార్పు డాలరు వల్ల కాదు. మన బియ్యం ఆగితే 2023 ఆగస్టుకల్లా థాయ్ బియ్యం ధర పదిహేనేళ్ల గరిష్ఠానికి ఎగబాకింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో సుమారు 40 శాతం చేతిలో ఉన్న దేశం తలుపు వేస్తే జరిగేది అదే. లాభం థాయ్‌లాండ్, వియత్నాం రైతులకు పోయింది.

అవతలి దేశం కూడా కాగితం తీయగలదు. 2025 మార్చిలో తెలంగాణ బియ్యం కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు వెళ్లింది, మంచి ప్రయత్నం. అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి ఫిలిప్పీన్స్ తన రైతుల కోసం బియ్యం దిగుమతులను ఆపేసింది.

నారాయణపేట, కోస్గి కంది రైతుది ఇదే కథ. 2021 మే 15 నుంచి కంది దిగుమతి మీద పరిమితి ఎత్తేశారు, ఆ సడలింపును ఏటేటా పొడిగిస్తూ వచ్చారు. మొజాంబిక్ కంది మన పంట కంటే ముందే రేవుల్లో దిగుతుంది. మనవాళ్లు డిసెంబరు నుంచి కోస్తారు. కొత్తగా పామాయిల్ తోటలు వేసినవాళ్లు కూడా గమనించాలి. గెలల ధర ముడి పామాయిల్ ధరతో ముడిపడి ఉంటుంది. 2025 మే చివర ముడి పామాయిల్ మీద మొత్తం సుంకం 27.5 నుంచి 16.5 శాతానికి దిగింది. 1,100 డాలర్ల టన్ను మీద 11 శాతం, గెలల్లో నూనె 19 శాతం అనుకుంటే, టన్ను గెలలకు సుమారు రెండు వేల రూపాయల తేడా. డాలరు ఐదు రూపాయలు పెరిగితే వచ్చేది వెయ్యి చిల్లరే.

బత్తాయి ఒక్కటే దీనికి దూరంగా ఉంది. దాని ధర బాటసింగారం పండ్ల మార్కెట్లో, ఢిల్లీ మండీలో తేలుతుంది. దాని కష్టాలు వేరు.

అవతలివాళ్ల మాట

నూలు మిల్లులు చెప్పేది కొట్టిపారేయలేను. అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు బంగ్లాదేశ్, వియత్నాం కుట్టే చొక్కాతో మన చొక్కా పోటీ పడాలి. ఆ దేశాల మిల్లులు ప్రపంచ ధరకు దూది తెచ్చుకుంటాయి. మన మిల్లు 11 శాతం ఎక్కువ పెట్టి కొంటే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే చివరికి మన పత్తికీ గిరాకీ పోతుంది. దిగుమతి సుంకం చాలాసార్లు ఎగుమతి మీద వేసిన పన్నులాగే పనిచేస్తుందని వ్యాపార సిద్ధాంతం చెప్పేది ఇక్కడ అక్షరాలా నిజం. తిరుపూరులో కుట్టుమిషను దగ్గర కూర్చున్న మనిషి కూడా పేద ఇంటి నుంచి వచ్చినవాడే.

బియ్యం నిషేధానికి కూడా ఒక సమర్థన ఉంది. 2023లో వానలు సరిగా పడలేదు, బియ్యం ధర పెరుగుతోంది. కొనుక్కుని తినేవాళ్లు అమ్ముకునేవాళ్ల కంటే ఎక్కువ మంది. బొంబాయిలో, పూణేలో అడ్డా మీద నిలబడే పాలమూరు కూలీలు కూడా బియ్యం కొనుక్కునేవాళ్లే.

అందుకే సుంకం ఎప్పుడూ ఉండాలని గానీ, ఎప్పుడూ ఉండకూడదని గానీ నేను అనడం లేదు. నా అభ్యంతరం తేదీ మీద. జూన్‌లో విత్తు వేసేటప్పుడు రైతు ముందు 11 శాతం సుంకం ఉంది. ఎకరాకు పెట్టుబడి అంతా పెట్టేశాక, కాయ పట్టే ఆగస్టులో అది మాయమైంది. మిల్లు యజమాని అప్పుడు కూడా నిర్ణయం మార్చుకోగలడు, బయటి నుంచి కొనాలా, ఇక్కడ కొనాలా అని. రైతు మార్చుకోలేడు. ఎర్ర చెలకల్లో ఆగస్టు 19న పత్తి పీకి కంది వేయడం కుదరదు.

మద్దతు ధర ఉంది కదా అనొచ్చు. ఉంది. కానీ పట్టా పాసుపుస్తకం లేని కౌలు రైతుకు సీసీఐ తలుపు తెరుచుకోవడం కష్టం. యాప్‌లో నమోదు, స్లాటు, 2025లో పెట్టిన ఎకరాకు 7 క్వింటాళ్ల పరిమితి, తేమ. వీటిలో ఏ ఒక్కటి అడ్డొచ్చినా పత్తి ఊరి వ్యాపారి దగ్గరికే పోతుంది. విత్తనం, ఎరువు ఉద్దెరకు ఇచ్చింది కూడా ఆ షావుకారే కాబట్టి బేరానికి చోటు తక్కువ. పైన చెప్పిన ప్రపంచ ధర, 6,600 లోపు లెక్క, అతనికి నేరుగా తగులుతుంది. సుంకం ఎత్తేసిన భారం కూడా అతని మీదే పడుతుంది. డిసెంబర్ 31తో ఆ సడలింపు గడువు అయ్యేసరికి మన చేలల్లో మొదటి రెండు ఏరుళ్ల పత్తి ఇల్లు దాటిపోయి ఉంటుంది. అప్పు తీర్చాల్సినవాడు గిడ్డంగిలో పెట్టి ఆగలేడు.

ప్రపంచ ధర మద్దతు ధర కంటే పడితే సుంకం దానంతటదే పెరిగి, పైకి పోతే సున్నా అయ్యేలా సూత్రం పెట్టాలని కొందరంటారు. వినడానికి బాగుంటుంది. అయితే ధరను బట్టి మారే దిగుమతి సుంకాలను ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం ఒప్పుకోదు, వేరే దేశం కేసు వేస్తే నిలవడం కష్టం. ముందే తేదీ చెప్పడానికి ఏ ఒప్పందమూ అడ్డు రాదు.

అలా చెప్పడం మన దగ్గర కొత్త పద్ధతి కూడా కాదు. 475 గ్రాముల బీటీ పత్తి విత్తన ప్యాకెట్ గరిష్ఠ ధరను కేంద్రం ఏటా విత్తుకు ముందే గెజిట్‌లో ప్రకటిస్తుంది, 2025కు 901 రూపాయలు. ఖరీఫ్ మద్దతు ధరలను అదే ఏడాది మే 28న ప్రకటించింది. రైతు పెట్టాల్సిన ఖర్చులో ఒక అంకె, రావాల్సిన ధరలో ఒక అంకె ముందే తెలుస్తున్నాయి. మూడో అంకెను, అంటే ఆ పంట అమ్ముడయ్యే మార్చి దాకా దిగుమతి సుంకం ఎంత ఉంటుందో, అదే మే నెలలో అదే ప్రకటనలో కలపమని అడగాలి. సున్నా అయితే సున్నా అనే చెప్పనివ్వండి. అప్పుడు దేవరకొండ రైతు పత్తి నాలుగెకరాలు వేయాలా, రెండు వేసి మిగతా రెండింట్లో కంది వేయాలా అన్నది విత్తనం కొనకముందే తేల్చుకుంటాడు.